చెవికి అందని ప్రాస

నేను ఒక నోటు పుస్తకాన్ని. రెండు వందల పేజీలు, నీలం అట్ట, ఎర్ర గుడ్డ అంటించిన వెన్ను. తునిలో రైలు గేటు దగ్గర ఒక బైండింగు షాపులో పుట్టాను. పుట్టుక అనగానే మీకు ఉయ్యాల గుర్తొస్తుందేమో, నాకు మాత్రం కత్తి గుర్తొస్తుంది. కుట్టి, జిగురు పూసి, బరువు కింద ఆరబెట్టాక మమ్మల్ని పదేసి చొప్పున పేర్చి కటింగ్ మిషన్ కిందికి తోస్తారు. పైనుంచి మూరెడు కత్తి దిగుతుంది. అంచులు సమానంగా వస్తాయి. ఆ అంచుల్ని వేలితో తడిమి మనుషులు ఎంత నున్నగా ఉందో అని ముచ్చటపడతారు.

షాపులో ఒక మూల, తూకానికి వచ్చిన పాత పుస్తకాల గుట్ట ఉండేది. ఎవరో కష్టపడి రాసుకున్న చరిత్ర పాఠాలు, ఎవరో దిద్దించుకున్న అక్షరాలు. సాయంత్రం అయ్యేసరికి బజ్జీల బండి మనిషి వచ్చి ఓ కట్ట పట్టుకుపోయేవాడు. అల్మరాలో కూర్చుని అది చూస్తుండేవాణ్ణి. కాబట్టి నన్ను ఎవరైనా కొనక ముందే నాకు భయం అంటే తెలుసు. నా మీద ఏం రాసినా చివరికి నూనె పీల్చాల్సిందే అనుకునేవాణ్ణి.

నన్ను కొన్నావిడ సత్యవేణి గారు. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. తునికి పది కిలోమీటర్ల దూరంలో గెడ్డపాలెం అనే ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచరు. ఇరవై ఆరేళ్లు తెలుగులోనే పాఠాలు చెప్పింది. ఆ వేసవిలో ఉత్తర్వు వచ్చింది, జూన్ నుంచి చదువంతా ఇంగ్లీషులోనేనని. ఆవిడ ఇంగ్లీషు చదవగలదు, రాయగలదు. నోరు విప్పి మాట్లాడాలంటే మాత్రం నాలుక మడత పడిపోతుంది. సెలవులిచ్చిన నాటి నుంచి ఆవిడకు సరిగ్గా అన్నం సహించలేదని వాళ్లాయన పక్కింటి వాళ్లతో చెబుతుంటే విన్నాను.

మూడో తరగతి ఇంగ్లీషు వాచకంలో ప్రతి పాఠం చివరా ఒక అభ్యాసం ఉంది. ప్రాస పదాలు వెతకండి, వాటి అర్థాలు రాయండి. ఆవిడ గుండె కాస్త కుదుటపడింది అక్కడే. ప్రాస తెలుగువాళ్లకి కొత్తదా? చిన్నప్పుడు వంద పద్యాలు అప్పజెప్పిన మనిషి. మే నెలంతా మధ్యాహ్నాలు కూలరు ముందు కూర్చుని పాత వాచకాలు, ఒక నిఘంటువు ముందేసుకుని నా మీద రాసింది. ఇంగ్లీషు మాట ఎర్ర సిరాతో, పక్కన తెలుగు అర్థం నీలం సిరాతో. తెలుగులో రాసిందే పలుకుతాం కదా, అందుకని ఆవిడ కళ్లని నమ్మింది. తోక అక్షరాలు ఒకటైతే చాలు, జత కట్టేసింది. సీ, ఓ, ఎమ్, ఈ, కమ్, రమ్మనడం. హెచ్, ఓ, ఎమ్, ఈ, హోమ్, ఇల్లు. కౌ ఆవు, లో తక్కువ. ఫుడ్ తిండి, బ్లడ్ నెత్తురు. బడి తెరిచాక పిల్లలందరిచేతా అవే రాయించింది.

జులైలో పట్నంలో ఐదు రోజుల శిక్షణ. నన్నూ పట్టుకెళ్లింది. మూడో రోజు, చెబుతున్న కుర్రాయన ఒక్కొక్కరినీ లేపి ప్రాస పదాలు అడుగుతున్నాడు. ఆవిడ లేచి, "కమ్, హోమ్" అంది. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "మేడం, ప్రాస కళ్లతో కాదండి, చెవులతో వెతకాలి. ఒకసారి గట్టిగా పలికి చూడండి" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ నలభై తలలు ఒక్కసారి ఇటు తిరిగాయి. ఒళ్లో ఉన్న నా అట్ట మీద ఆవిడ గోరు దిగింది. ఆ గాటు ఇప్పటికీ ఉంది.

తిరిగొచ్చాక అన్నీ పైకి పలికి చూసుకుంది. పద్దెనిమిది జతలు తప్పని తేలింది. కొట్టెయ్యాలి. కానీ హెడ్మాస్టరుగారికి నన్ను తిరగేసే అలవాటు ఉంది. పేజీ నిండా ఎర్ర గీతలు కనబడితే ఏమనుకుంటారు? అందుకని ఆవిడ ఒక్కో తప్పు పక్కన పెన్సిలుతో సన్నటి చుక్క పెట్టింది. ఆ చుక్క అర్థం తనకొక్కదానికే తెలుసు. మనుషులు తప్పు దిద్దుకోవడానికి పడే కష్టం కన్నా దాన్ని దాచడానికి పడే కష్టం ఎక్కువ.

మర్నాడు క్లాసులో చెప్పడానికి సిగ్గుపడింది. పిల్లల మొహాల్లోకి చూడలేక బోర్డు వైపు తిరిగి, సరైన జతలు రాస్తూనే, "పిల్లలూ, ఇంతకు ముందు రాసుకున్న కమ్, హోమ్ కొట్టేయండి, అది ప్రాస కాదు. కౌ, లో కూడా కాదు" అంటూ పద్దెనిమిదీ చెప్పేసింది. ఇరవై ఆరు పెన్సిళ్లు గీకిన చప్పుడు వినబడింది. ముందు బెంచీలో కూర్చున్న ఒక పిల్ల మాత్రం అటూ ఇటూ చూసి, పక్కపిల్ల పుస్తకంలోకి తొంగిచూడబోయింది. పక్కపిల్ల చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ పిల్ల పేరు నూకరత్నం. నాయనమ్మ పేరు పెట్టారు. బళ్లో అందరూ రత్నం అంటారు. తొమ్మిదేళ్లు. రెండు జడలూ చెవుల మీదికి మడిచి రిబ్బన్లు కట్టుకుని వస్తుంది. అల్లరి లేదు. బోర్డు మీదిది అక్షరం పోకుండా దించుకుంటుంది. టీచరు తన వైపు చూసి అడిగితే టక్కున చెబుతుంది. తన వైపు చూడకుండా అడిగితే మాట్లాడదు. అణకువగల పిల్ల అని సత్యవేణి గారి నమ్మకం.

సెప్టెంబరులో కబురు వచ్చింది, గురువారం తనిఖీ అని. ఇంగ్లీషు ఎలా చెబుతున్నారో చూస్తారట. సోమవారం మధ్యాహ్నం పిల్లలు భోజనాలకి వెళ్లిన వేళ, సత్యవేణి గారి సంచిలోంచి ఒక చిన్న చెయ్యి నన్ను బయటికి లాగింది. స్టీలు కంచం కింద, తడి గిన్నె పక్కన నన్ను ఒక బ్యాగులోకి తోసేసింది. నా గతి అయిపోయిందనుకున్నాను. బజ్జీల బండి కళ్ల ముందు కదిలింది.

ఆ చెయ్యి రత్నానిది. బడి వదిలాక వాళ్లింటి వెనక జీడితొక్కల గుట్ట పక్కన కూర్చుని నన్ను తెరిచింది. మొదటి పేజీ నుంచి పట్టింది. పెదవులు కదుపుతూ ఒక్కో జతా పది సార్లు. అందరు పిల్లలూ పాటలా పాడుకునే మాటల్ని ఈ పిల్ల రాళ్లు మోస్తున్నట్టు మోస్తోంది. ఒక మాట విని, దానికి జత వెతికిచ్చే దారి ఆమెకు లేదు. నాలో ఉన్నవన్నీ గుర్తు పెట్టుకోవడం ఒక్కటే దారి. ఎందుకో నాకు అప్పుడు తెలియదు. మూడు సాయంత్రాలు అలాగే చదివింది. పెన్సిలు చుక్కలున్న జతల దగ్గర మరీ ఎక్కువసేపు ఆగింది. పరీక్షకి ముఖ్యమైనవాటికి టీచర్లు చుక్కలు పెడతారు కదా, ఇవీ అలాంటివే అనుకుంది పాపం.

రెండో సాయంత్రం అలిసిపోయి నా మీదే తల వాల్చింది. కుడి చెవి నా పేజీకి ఆనింది. కాసేపటికి ఏదో తడి అంటింది. పచ్చగా, జిగటగా ఉంది, కుళ్లు వాసన వేసింది. నిద్ర లేచి అది చూసుకుని ఆ పిల్ల ఎంత బెదిరిందంటే, గౌను అంచుతో తుడిచి, ఊది, ఎండలో పెట్టి, ఇంట్లోకి తొంగి చూసి, మళ్లీ తుడిచింది. మరక మాత్రం పోలేదు.

ఈ మూడు రోజులూ సత్యవేణి గారు నా కోసం ఇల్లంతా వెతికిందట. బస్సులో జారిపోయిందేమోనని డిపోకి కూడా వెళ్లి అడిగిందట. నేను లేకుండా తనిఖీకి ఎలా నిలబడాలో ఆవిడకి తెలియలేదు.

గురువారం వచ్చిన అధికారి నెమ్మదస్తుడే. చేతిలో ట్యాబు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నేను రత్నం బ్యాగులో ఉన్నాను. "కమ్. దీనికి ప్రాస ఎవరు చెబుతారు?" అన్నాడు. క్లాసంతా ఒక్క గొంతుతో సమ్, డ్రమ్, గమ్ అని అరిచింది. ముందు బెంచీలో చెయ్యెత్తి నిలబడ్డ పిల్లని చూసి నువ్వు చెప్పమ్మా అన్నట్టు తల ఊపాడు.

"హోమ్, సార్" అంది రత్నం.

ఆయన చిరునవ్వు నవ్వాడు. "కౌ?"

"లో, సార్."

"ఫుడ్?"

"బ్లడ్, సార్." ఒక్కటి కూడా తడబడలేదు. మూడు సాయంత్రాల కష్టం.

క్లాసు కిసుక్కుమంది. ఆయన నవ్వు ఆగిపోయింది. "నీకివి ఎవరు నేర్పారమ్మా?"

రత్నం ఆయన పెదవుల వైపే చూస్తూ, "టీచర్ పుస్తకంలో ఉన్నాయి సార్. చుక్కలు కూడా పెట్టారు" అని, మెచ్చుకుంటారనుకుని బ్యాగులోంచి నన్ను తీసి ఆయన చేతిలో పెట్టేసింది.

ఆయన పేజీలు తిప్పుతుంటే నా వెన్ను జిల్లుమంది. "ఈ చుక్కలేంటి మేడం?" అన్నాడాయన.

అబద్ధం చెప్పడానికి ఆవిడకి దారులున్నాయి. నాకే రెండు మూడు తోచాయి. ఆవిడ కొంగు చివర గట్టిగా పట్టుకుని, "అవి తప్పులండి. తప్పని తెలిశాక పెట్టుకున్న గుర్తులు. కొట్టెయ్యడానికి మొహం చెల్లలేదు" అంది.

"పిల్లలకి చెప్పారా?"

"చెప్పానండి. జులైలోనే. అందరూ దిద్దుకున్నారు."

"మరి ఈ అమ్మాయో?"

ఆయన ట్యాబులో ఏదో రాసుకుని, నెల రోజుల్లో మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

భోజనాల గంట కొట్టాక క్లాసులో ఇద్దరే మిగిలారు. నేను బల్ల మీద ఉన్నాను. సత్యవేణి గారికి దొంగతనం మీద కోపం, నలుగురిలో పరువు పోయిందన్న బాధ. గట్టిగానే కేకలేసింది. పిల్ల కళ్లు నీళ్లతో నిండిపోయినా చూపు మాత్రం ఆవిడ నోటి మీంచి కదల్లేదు. కేకలేసి కేకలేసి ఆవిడ డస్టరు తీసుకుని బోర్డు తుడుస్తూ, అటు తిరిగే, "అసలు ఎందుకు తీశావో చెప్పు" అంది. జవాబు లేదు. "నిన్నే అడిగేది." మళ్లీ లేదు.

డస్టరు ఆగింది. ఏదో తట్టినట్టు ఆవిడ అలాగే బోర్డు వైపు మొహం పెట్టుకుని, మామూలు గొంతుతో అంది.

"రత్నం, నీ కాళ్ల దగ్గర తేలుంది."

నేను బల్ల మీంచి కిందికి చూశాను. తేలు లేదు. కానీ ఆ పిల్ల కూడా చూడలేదు. జడ రిబ్బను సర్దుకుంటూ అలాగే నిలబడి ఉంది, టీచరు ఎప్పుడు ఇటు తిరుగుతుందా అని. సత్యవేణి గారు మెల్లగా ఇటు తిరిగింది. ఎన్నాళ్ల నుంచి ఈ పిల్లకి వీపు పెట్టి పాఠాలు చెబుతోందో ఆవిడ లెక్క వేసుకుంటున్నట్టుంది.

మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల మొహానికి మొహం పెట్టి, "నీకు వినబడదా అమ్మా?" అంది.

దొంగతనం బయటపడ్డప్పుడు కూడా ఆ పిల్ల అంత భయపడలేదు. రెండు చేతులతో రెండు చెవులూ మూసేసుకుంది. "అమ్మతో అనకండి టీచర్. ఎవరికీ చెప్పనని ఒట్టేశాను."

నా పేజీ మీద మరక అప్పుడే చూసిందావిడ. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. నన్ను సంచిలో పెట్టుకుని ఆ సాయంత్రమే వాళ్లింటికి నడిచింది.

రత్నం వాళ్లమ్మ అప్పలకొండ జీడిగింజల షెడ్డులో పని చేస్తుంది. జీడినూనె అంటి వేళ్లు నల్లగా కమిలిపోయి ఉంటాయి. భర్త చేపల లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే. గుమ్మంలో టీచరుని చూసి నిలబడిపోయింది.

"ఏటండీ టీచరమ్మా, ఇలగొచ్చారు? మా పిల్లేటైనా సేసిందా?"

"రత్నానికి చెవి ఎన్నాళ్ల నుంచి కారుతోంది?"

"సెవేటండీ? నా కూతురికేటీ లేదు. కొంచెం పరాకు, అంతే."

సత్యవేణి గారు నన్ను తెరిచి మరక చూపించింది. అప్పలకొండ దాన్ని చూసింది. అంతే, గుమ్మానికి ఆనుకుని కూలబడిపోయింది. నాలుగో ఏట నుంచి కారుతోందట. వేడి నూనె పోసింది, ఆకు పసరు పోసింది, ఎవరో చెబితే విభూది కూడా ఊదించింది. ఆగినట్టే ఆగి మళ్లీ వచ్చేది.

"మరి డాక్టరుకి చూపించలేదేం?"

"నా తమ్ముడొకడు ఉండేవోడండీ, పైడిరాజని. ఆడికీ ఇలగే కారి కారి సెవుడొచ్చేసింది. పదారేళ్లకి పెద్ద రోడ్డు మీద నడిసెల్తంటే ఎనకనుంచి లారీ వొచ్చింది. హారను కొట్టాడంట ఆ డైవరు. ఊరు ఊరంతా ఇన్నారు. ఆడొక్కడికే ఇనబళ్లేదు." గుమ్మంలోంచి రోడ్డు వైపు చూసింది. "సెవుడని తెలిత్తే దీన్ని బళ్లోంచి తీసేసి ఎక్కడో హాస్టల్లో పడేత్తారని సెప్పారండీ. అక్కడ దీన్ని రోడ్డు ఎవరు దాటిత్తారు? ఇక్కడైతే నానున్నాను. రోజూ బడికి ఎనకాల నడుత్తాను."

ఇన్నాళ్లూ ఆ తల్లి గేటు దాకా వచ్చేది పిల్ల మీద గారాబంతో అనుకునేది సత్యవేణి గారు. "బళ్లోంచి ఎవరూ తియ్యరు. నేను తియ్యనివ్వను" అంది. అప్పటికి ఆవిడ ఉద్యోగానికే దిక్కు తెలియని రోజులవి. అయినా అలా అనేసింది.

వారం తిరక్కుండా ముగ్గురూ విశాఖపట్నం బస్సెక్కారు. నేను రత్నం ఒళ్లో ఉన్నాను. అక్కడ మళ్లీ పరీక్ష పెడతారనుకుని దారి పొడుగునా చదువుతూనే ఉంది, ఈసారి చుక్కలున్నవి వదిలేసి.

నిజంగానే పెట్టారు. వినికిడి చూసే గదిలో నస్రీన్ అనే అమ్మాయి ఉంది. గోడలకి దళసరి మెత్తలు, తలుపు వేస్తే బయటి లోకం మాయం. పిల్ల గుండెలకి నన్ను హత్తుకుని ఉండటం చూసి, "నీ పుస్తకమేనా? ఇలా ఇస్తావా? ఇందులో మాటలే అంటాను, విన్నది విన్నట్టు తిరిగి చెప్పు" అంది. రత్నం సంతోషంగా ఇచ్చేసింది. నస్రీన్ నన్ను తెరిచి, నిలువుగా పట్టుకుని, తన నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు ఒక పక్క ఆమె ఊపిరి తగులుతోంది. ఇంకో పక్క ఆ పిల్ల మొహం. పెదవులు కనబడకుండా పోయేసరికి ఆ మొహం ఎలా అయిపోయిందంటే, ఇన్నాళ్లూ పట్టుకుని నడుస్తున్న తాడు ఎవరో లాగేసినట్టు. నేను జారి కింద పడిపోతే బాగుండుననుకున్నాను. కాగితానికి అంత బలం ఎక్కడిది?

"మ్యాన్" అంది నస్రీన్ గట్టిగా.

చాలాసేపటికి, "ఫ్యాన్" అంది రత్నం.

"క్యాట్."

"హ్యాట్."

"బాల్."

"వాల్."

కొంచెం గొంతు తగ్గించేసరికి అది కూడా లేదు. పిల్ల నా అట్ట వంక చూస్తూ కూర్చుంది, నీలం అట్ట మీద ఏదైనా రాసి ఉంటుందేమోనని.

నస్రీన్ నన్ను దించి సత్యవేణి గారితో మెల్లగా చెప్పింది. "మాట తల వినబడటం లేదండి, తోక ఒక్కటే వినబడుతోంది. దాన్ని పట్టుకుని నెట్టుకొస్తోంది. ఎంత తెలివైన పిల్లో."

స్కానింగు చూసిన డాక్టరు పెద్దాయన. ఎడమ చెవిలో పొర చిరిగింది, అది తర్వాత చూద్దామన్నాడు. కుడి చెవి మాటకొచ్చేసరికి కళ్లజోడు తీసేశాడు. చీము చెవి వెనక ఎముకని తొలిచేస్తోంది, అవతల ఉన్నది మెదడు, మధ్యలో గోరు మందం ఎముక కూడా మిగల్లేదు. "ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే నా దగ్గరికి వచ్చే పని ఉండేది కాదు" అన్నాడు. అప్పలకొండకి ఆ మాట అర్థం చేసుకోవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక వేలిముద్ర వెయ్యమంటే బొటనవేలు కాగితం మీద నిలవలేదు. సత్యవేణి గారు ఆ చెయ్యి పట్టుకుని వేయించింది.

ఆపరేషను గదిలోకి తీసుకెళ్లేటప్పుడు రత్నం నన్ను తల్లి చేతిలో పెట్టింది. "పోగొట్టకమ్మా. టీచర్‌ది" అంది. తలుపు మూసుకుంది.

వరండాలో బల్ల మీద ఇద్దరాడవాళ్లు, మధ్యలో నేను. అప్పలకొండ వేళ్ల చెమటకి నా అట్ట మెత్తబడింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచేది, మళ్లీ కూర్చునేది. ఎవరో ఒక స్ట్రెచరు తోసుకుపోయారు, మొహం మీద దాకా దుప్పటి ఉంది. ఆమె సత్యవేణి గారి మోచెయ్యి పట్టుకుంది.

"ఏదోటి సదవండి టీచరమ్మా. ఊరికే కూకుంటే నా గుండాగిపోయేలాగుంది."

చదవడానికి నేను తప్ప ఏమీ లేదు. సత్యవేణి గారు చేతికొచ్చిన పేజీ తీసింది. "రెయిన్ అంటే వాన. పెయిన్ అంటే నొప్పి."

"వానకీ నొప్పికీ ఒకే తోకేటండీ?"

"అవును. దాన్నే ప్రాస అంటారు."

అప్పలకొండ తలుపు మీంచి చూపు తిప్పకుండానే అంది. "అలగైతే ట్రైనూ అంతే కదండీ. చైనూ అంతే. మా ఈదిలో డ్రైనూ."

సత్యవేణి గారు పేజీ మీద వేలు ఆపేసింది. ట్రైను, చైను నాలో ఉన్నాయి. డ్రైను లేదు. "లైట్?" అంది, పరీక్ష పెట్టినట్టు.

"రైటు. టైటు." ఇంకాస్త ఆలోచించి, "వైటు" అంది.

"నీకెలా తెలుసు అప్పలకొండా? నువ్వు బడికి వెళ్లలేదు కదా."

"తెలిసేదేటుందండీ? ఇనబడతన్నాది కదా."

ఆ మాట అనేసి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సత్యవేణి గారు పెన్ను తీసి ఆ పేజీలో డ్రైన్ అని రాసింది. ఒక నిఘంటువు, నాలుగు వాచకాలు, ఒక ఎండాకాలం పెట్టి ఆవిడ కట్టిన నాలో, అక్షరం ముక్క రాని మనిషి చెప్పిన మాట అది. దాన్ని మాత్రం ఎవరూ కొట్టెయ్యక్కర్లేదు.

మూడు గంటలు దాటాక డాక్టరు బయటికి వచ్చాడు. చెడిందంతా తీసేశాం, ప్రాణానికి భయం లేదు అన్నాడు. కుడి చెవిలో వినికిడి ఎముకల్ని మాత్రం చీము అప్పటికే తినేసింది, ఆ పక్క పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అప్పలకొండకి మొదటి మాట తప్ప తర్వాతివి చెవికెక్కలేదు. నేల మీద కూర్చుని ఏడ్చింది.

నెల తిరిగేసరికి అధికారి చెప్పినట్టే మళ్లీ వచ్చాడు. రత్నం ఇంకా తలకి కట్టుతో ఇంట్లోనే ఉంది. సత్యవేణి గారు ఈసారి పాఠం చెబుతున్నంతసేపూ పిల్లల వైపే నిలబడి, పక్కకి చెయ్యి చాచి బోర్డు మీద రాసింది. అక్షరాలు కొండెక్కి దిగాయి. ఆయన రాత గురించి ఏమీ అనలేదు. ఆ అమ్మాయి ఏమయిందని అడిగాడు. విన్నాక ట్యాబు మూసేసి, ఆ పాఠశాలలో పిల్లలందరికీ చెవులు చూపించే ఏర్పాటు చేస్తానన్నాడు. చేశాడు కూడా. ఇంకో ఇద్దరు దొరికారు.

వేసవిలో ఎడమ చెవికి పొర అతికించారు. నన్ను రత్నానికే ఇచ్చేసింది టీచరు. దూది తీసిన రోజు ఏదో పండగలా ఉంటుందనుకున్నాను. అదేమీ లేదు. పిల్ల హడలిపోయింది. ఫ్యాను తిరుగుతుంటే దాని కింద నుంచి లేచి పోయింది. కుక్కరు కూత పెడితే తల్లి చీరలో దూరింది. బయట పిల్లలు ఆడుకుంటుంటే కిటికీ మూసెయ్యమంది. ప్రపంచం ఇంత గోల చేస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. అలవాటు పడటానికి వారం పైనే పట్టింది. ఒక రోజు తనంతట తానే కిటికీ తెరిచింది.

ఆ చెవిలో రోజూ పొద్దునా సాయంత్రమూ చుక్కల మందు వెయ్యాలి, ఒక్కపూట కూడా తప్పకూడదని చెప్పారు. అప్పలకొండకి రాయడం రాదు. మర్చిపోతానన్న భయంతో నా చివరి పేజీల్లో పెన్సిలుతో గీతలు పెట్టింది, పూటకొకటి. జీడినూనె మరకల మధ్య ఆ గీతలు వరసగా, సైనికుల్లా నిలబడ్డాయి. రెండు పేజీలు నిండాయి. నలభై రోజులయ్యాక డాక్టరు చూసి, మందు ఇక అక్కర్లేదు, చెవి బాగుంది అన్నాడు.

ఆ సాయంత్రం సీసా పారేసి కూడా ఆమె అలవాటుగా ఒక గీత పెట్టింది.

మర్నాడు పొద్దున నన్ను అటక మీంచి దించి, చివరి పేజీ తెరిచి, పెన్సిలు పట్టుకుని కూర్చుంది. పొయ్యి మీద గంజి కాగుతోంది. రత్నం బయట అరుగు మీద వీపు ఇటు పెట్టి కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. ఐదేళ్లుగా అప్పలకొండ ఈ కూతుర్ని ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. అవసరమైతే దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేసేది. పెన్సిలు కాగితానికి ఆనింది. ఆమె తలెత్తి, గొంతు పెద్దది చెయ్యకుండా, మామూలుగా, దాదాపు తనలో తాను అనుకున్నట్టు, "రత్నం" అంది.

లేసులు కట్టుకుంటున్న చేతులు ఆగలేదు. తల కూడా ఇటు తిరగలేదు.

"ఏటమ్మా?" అంది ఆ పిల్ల.

అప్పలకొండ ఏమీ లేదంది. పెన్సిలు పక్కన పెట్టేసి నన్ను మూసేసింది. నా చివరి పేజీలో ఆ తర్వాత గీతల్లేవు.